ధార సన్నబడింది డాక్టరుగారూ! ప్రొస్టేట్ గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల కిడ్నీ రాళ్ళ గురించి రాస్తే ఉత్తరాలు చాలానే వచ్చాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం రాళ్ళ గురించి కాదు, ప్రొస్టేట్ గురించి. అందులోనూ సగం భార్యలో, కూతుళ్ళో, కోడళ్ళో రాసినవి. మన మగవాళ్ళు మోకాలి నొప్పి గురించి ఊరందరికీ చెప్తారు, మూత్రం సంగతి వచ్చేసరికి మాత్రం నోరు విప్పరు. సరే, ఈసారి మొత్తం దానికే కేటాయిద్దాం.

ప్ర: నాకు 61 ఏళ్ళు. గ్యాస్ బాధకి కడుపు స్కానింగ్ చేయిస్తే రిపోర్టులో ‘గ్రేడ్ 2 ప్రొస్టాటోమెగలీ, 38 సీసీ’ అని రాశారు. రాత్రి ఒక్కసారి లేస్తాను, అంతకుమించి ఇబ్బందేమీ లేదు. మా ఊళ్ళో ఆరెంపీ గారు ఇప్పుడే ఆపరేషన్ చేయించుకో, ముదిరితే కష్టం అంటున్నారు. అప్పటినుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. — రిటైర్డ్ టీచర్, జగిత్యాల

జ: మాస్టారూ, ముందు ఆ రిపోర్టు మడిచి బీరువాలో పెట్టండి. నిద్ర పట్టక లేచే లేవడాలు కూడా ప్రొస్టేట్ ఖాతాలో పడిపోతాయి.

ప్రొస్టాటోమెగలీ అంటే ప్రొస్టేట్ గ్రంథి పెరగడం, అంతే. ఈ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. కుర్రవాళ్ళలో సుమారు 20 గ్రాములు, అంటే దాదాపు 20 సీసీ. నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. 50ల్లో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి, 80ల్లోకి వచ్చేసరికి పది మందిలో ఎనిమిది మందికి ఈ పెరుగుదల ఉంటుంది, జుట్టు నెరిసినట్టే. అందరికీ బాధ మాత్రం ఉండదు. 90 సీసీ ఉండి హాయిగా తిరిగేవాళ్ళున్నారు, 30 సీసీకే బొట్లు బొట్లుగా పోస్తూ అవస్థపడేవాళ్ళూ ఉన్నారు. గ్రంథి బయటికి పెరిగిందా, లోపలికి పెరిగి నాళాన్ని నొక్కిందా, మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకొచ్చి మూతలా అడ్డం పడిందా, అక్కడి కండరం ఎంత బిగుసుకుంది, ఇవి ముఖ్యం. గ్రేడ్ 1, గ్రేడ్ 2 అన్నవి సైజు చెప్పే మాటలు, జబ్బు ఎంత ముదిరిందో చెప్పవు. ఆ ఒక్క మాట చూసి ఆపరేషన్ బల్ల ఎక్కక్కర్లేదు.

మేం అడిగే ప్రశ్నలు ఏడున్నాయి, మీరే వేసుకోవచ్చు. గత నెల రోజుల్లో, పోసాక ఇంకా మిగిలినట్టు అనిపించిందా? రెండు గంటల్లోపే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చిందా? ధార ఆగి ఆగి వచ్చిందా? ఆపుకోవడం కష్టమైందా? ధార సన్నబడిందా? మొదలవడానికి ముక్కాల్సి వచ్చిందా? రాత్రి ఎన్నిసార్లు లేచారు? ఒక్కోదానికీ సున్నా నుంచి 5 మార్కులు, మొత్తం 35. 7 లోపు వస్తే తేలికపాటిది, 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆపైన తీవ్రం. ఎనిమిదోది ఇంకోటి ఉంది: మిగిలిన జీవితమంతా ఇలాగే ఉంటే మీకు ఎలా ఉంటుంది? నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. మీరు రాసినదాన్నిబట్టి మీకు రెండు మూడు మార్కులు కూడా రావు. మందూ వద్దు, ఆపరేషనూ వద్దు. ఏడాదికోసారి మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి, ధారలో తేడా వస్తే ముందే రండి.

ఇంకో మాట, ఇది స్కానింగ్‌కి వెళ్ళే అందరికీ. పోసాక మూత్రాశయంలో ఎంత మిగిలిందో కూడా రిపోర్టులో రాస్తారు. 50 మి.లీ. లోపు ఉంటే చింత లేదు. కానీ స్కానింగ్ సెంటర్లలో ఏం జరుగుతుందో తెలిసిందే కదా, లీటరు బాటిల్ తాగించి, టోకెన్ పేరుతో గంటన్నర కూర్చోబెట్టి, పొట్ట పగిలిపోయే స్థితిలో పిలుస్తారు. అంతగా నిండి సాగిపోయిన మూత్రాశయం బాగున్నవాళ్ళకి కూడా ఒక్కసారిగా ఖాళీ అవదు. అలా 150 మిగిలిందని రాస్తే భయపడకండి, మామూలుగా ఒత్తిడి వచ్చినప్పుడు పోసి, ఇంకోసారి చూపించుకోండి.

ప్ర: మా మామగారికి 74. మూడు నెలలుగా రాత్రిళ్ళు పక్క తడుపుతున్నారు. పగలు కూడా లుంగీ మీద చుక్కలు పడుతుంటాయి. అడిగితే ‘ముసలితనం, ఏం చేస్తాం’ అంటారు. నొప్పి ఏమీ లేదట. ఈ మధ్య అన్నం సహించడం లేదు, కాళ్ళు కాస్త వాచాయి. డైపర్లు వాడమని పక్కింటివాళ్ళు అంటున్నారు. మూత్రం బాగానే పోతోంది కదా, ప్రొస్టేట్ అయ్యుండదేమో అని మా ఆయన అభిప్రాయం. — ఒక కోడలు, రాజమహేంద్రవరం

జ: అమ్మా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటారని ఆశ. వెళ్ళకపోతే ఈరోజే వెళ్ళండి. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ నన్ను కంగారు పెట్టింది ఇదే.

మూత్రం ‘పోతోంది’ అనుకుంటున్నారు, నిజానికి పొంగి పొర్లుతోంది. గ్రంథి అడ్డం వల్ల మూత్రాశయం నెలల తరబడి పూర్తిగా ఖాళీ కాక, సాగి సాగి, కొందరిలో లీటరు పైన నిలవ ఉండిపోతుంది. ఇది మెల్లగా జరుగుతుంది కాబట్టి నొప్పి తెలియదు. పట్టనంత నిండాక, ముఖ్యంగా నిద్రలో బిగువు సడలినప్పుడు, చుక్కలుగా కారుతుంది. పెద్దవయసు మగవాడు కొత్తగా పక్క తడుపుతున్నాడంటే, అది ముసలితనం అనే ముందు బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. గట్టిగా, గుండ్రంగా ఉబ్బు తగిలితే అది నిండిన మూత్రాశయం కావచ్చు. అదే ఒత్తిడి వెనక్కి ఎక్కి కిడ్నీలు ఉబ్బుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. ఆకలి చచ్చిపోవడం, కాళ్ళ వాపు ఆ వరసలోవే అని నా అనుమానం.

డాక్టరు ముందు స్కానింగ్, క్రియాటినిన్, పొటాషియం చూస్తారు, మూత్రం బయటికి రావడానికి మూత్రదారిలో పైపు వేస్తారు. పైపు వేశాక ఒక్కోసారి ఒకటి రెండు రోజులు మూత్రం విపరీతంగా వస్తుంది, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి బీపీ పడిపోవచ్చు. అందుకే ఇలాంటివాళ్ళకి ఇంట్లోనో, క్లినిక్‌లోనో పైపు వేయించి పంపేయకూడదు, ఆసుపత్రిలో ఉంచి చూడాలి. కాళ్ళ వాపుకి ఎవరైనా మూత్రం ఎక్కువ పోయే మాత్ర ఇస్తామంటే, పైన చెప్పిన పరీక్షలు అయ్యేదాకా వద్దనండి. ముందు దారి తెరవాలి, అది మూసి ఉండగా ఇంకా మూత్రం తయారు చేయించి ఏం లాభం?

కిడ్నీలు కుదుటపడ్డాక ఆపరేషన్ మాట వస్తుంది. అడ్డం వల్ల కిడ్నీ దెబ్బతిన్నప్పుడు మాత్రలతో నెట్టుకురావడం సరికాదు. మూత్రాశయంలో రాళ్ళు పడినా, ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తున్నా, మాటిమాటికీ రక్తం పడుతున్నా, పైపు తీస్తే మూత్రం రాకపోయినా అంతే. ఎవరికి ఆపరేషన్ కావాలో ఇవి చెప్తాయి, సీసీలు కాదు. మామగారు సిగ్గుపడుతున్నట్టుంది, మీ ఆయన్నే పక్కన కూర్చుని మాట్లాడమనండి. డైపర్ వాడితే తడి కనపడదు, లోపల జరిగేది ఆగదు.

ప్ర: లారీ డ్రైవర్ని, 57 ఏళ్ళు. జలుబు చేస్తే మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని వేసుకున్నా, రాత్రి కొంచెం మందు కూడా తాగా. తెల్లారేసరికి ఒక్క చుక్క రాలేదు, ప్రాణం పోయినంత పనైంది. పైపు వేశారు. ఇప్పుడు ఆపరేషన్ తప్పదంటున్నారు. నిజమేనా? — సూర్యాపేట

జ: తప్పదని ఇప్పుడే తేల్చేయక్కర్లేదు. మీ విషయంలో గ్రంథితోపాటు ఇంకో ఇద్దరు దోషులున్నారు. జలుబు మాత్రల్లో చాలావాటిలో ముక్కు దిబ్బడకి ఫినైలెఫ్రిన్ లాంటిది, తుమ్ములకి క్లోర్‌ఫెనిరమిన్ లాంటిది కలిసి ఉంటాయి. మొదటిది మూత్రాశయం ముఖద్వారం దగ్గర కండరాన్ని బిగిస్తుంది, రెండోది మూత్రాశయం నొక్కే శక్తిని తగ్గిస్తుంది. పైగా మందు తాగితే మూత్రాశయం త్వరగా నిండుతుంది, మత్తులో ఒత్తిడి తెలియదు. మలబద్ధకం ఉన్నా, గంటల తరబడి ఆపుకుని బండి నడిపినా ఇదే గతి.

మామూలుగా టామ్సులోసిన్ లాంటి మాత్ర మొదలుపెట్టి, రెండు మూడు రోజులు పోయాక పైపు తీసి చూస్తారు. చాలామందికి మూత్రం వస్తుంది. రాకపోతే మళ్ళీ పైపు, ఇంకో ప్రయత్నం, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచన. వచ్చినా సరే, మీకు అంతకు ముందు కూడా ధార బలహీనంగా ఉండి ఉంటే ఆ టామ్సులోసిన్ మాత్ర మానకండి, ఒకసారి ఆగినవాళ్ళకి మళ్ళీ ఆగే అవకాశం ఉంది. ఇక మీదట జలుబుకి షాపులో ‘నాకు ప్రొస్టేట్ ఉంది’ అని చెప్పి మాత్ర తీసుకోండి. దాబా దగ్గర ఆగినప్పుడు టీతో పాటు ఆ పని కూడా చూసుకోండి, ఇంకో వంద కిలోమీటర్లు ఆపుకోవద్దు.

ప్ర: వయసు 68. మూడేళ్ళ క్రితం గుండెకి స్టెంట్ వేశారు, సార్బిట్రేట్ మాత్ర జేబులో ఉంటుంది. ప్రొస్టేట్‌కి రాత్రి ఒక క్యాప్సూల్ ఇచ్చారు, ధార బాగుపడింది గానీ పొద్దున్న లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఇంకో డాక్టరు టాడలాఫిల్ రాశారు. వచ్చే నెల శుక్లాల ఆపరేషన్ ఉంది. ఇవన్నీ కలిపి వాడొచ్చా? — తెనాలి

జ: ఒక్కటి మాత్రం ఖచ్చితంగా వద్దు. టాడలాఫిల్. రోజూ 5 మి.గ్రా. చొప్పున అది ప్రొస్టేట్ ఇబ్బందికి పనిచేసే మందే, కానీ గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లతో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ‘జేబులో ఉంటుంది, ఎప్పుడో గానీ వాడను’ అంటారు చాలామంది. ఆ ఎప్పుడో వచ్చేది ఛాతీ నొప్పి వచ్చినప్పుడే కదా! రాసిన డాక్టరుకి సార్బిట్రేట్ సంగతి మీరు చెప్పి ఉండరు. ఇప్పటికే ఒకటో రెండో వేసుకుని ఉంటే, ఛాతీ నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, టాడలాఫిల్ వేసుకున్న సంగతి చెప్పండి.

రాత్రి క్యాప్సూల్, టామ్సులోసినో సైలోడోసినో అయ్యుంటుంది, అక్కడి కండరాన్ని వదులు చేస్తుంది, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. గ్రంథిని తగ్గించదు. లేవగానే కళ్ళు తిరగడం దానివల్ల కావచ్చు. మంచం మీద కూర్చుని, కాసేపు కాళ్ళు వేలాడేసి, అప్పుడు లేవండి. బీపీ మాత్రలు కూడా ఉంటే పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు రెండుసార్లు బీపీ చూపించుకుని మోతాదు సర్దించుకోండి. రాత్రి బాత్రూమ్‌కి వెళ్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళని చూశాను, అందుకే ఇంతగా చెప్తున్నా.

కంటి డాక్టరుకి ఈ క్యాప్సూల్ పేరు తప్పక చెప్పండి. ఇది వాడేవాళ్ళలో శుక్లాల ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగా విప్పారక, చుట్టూ ఉండే రంగు పొర వదులుగా అల్లాడవచ్చు. నాలుగు రోజులు మానేసినంత మాత్రాన ఆ ప్రభావం పోదు కాబట్టి మీ అంతట మీరు ఆపకండి. ముందే తెలిస్తే డాక్టరు తగిన ఏర్పాట్లతో దిగుతారు.

ప్ర: 59 ఏళ్ళు. మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చినప్పుడు చేసిన పరీక్షల్లో పీఎస్‌ఏ 6.8 వచ్చింది. ఇంటర్నెట్‌లో చూస్తే క్యాన్సర్ అంటోంది. వాచిన ప్రొస్టేట్ క్యాన్సర్‌గా మారుతుందా? — హనుమకొండ

జ: మారదు. వయసుతో వచ్చే పెరుగుదల మూత్రనాళం చుట్టూ ఉన్న లోపలి భాగంలో మొదలవుతుంది, క్యాన్సర్ ఎక్కువగా బయటి అంచు భాగంలో పుడుతుంది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, అది వేరే సంగతి. పీఎస్‌ఏ అంటే ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్, రక్తంలో కొలుస్తారు. అది క్యాన్సర్‌కే పెరగదు, గ్రంథి పెద్దదైనా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం ఆగి పైపు వేసినా పెరుగుతుంది. జ్వరంలో ఉండగా ఆ పరీక్ష చేయించడమే తొందర. యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేసి, ఆరు వారాలు ఆగి మళ్ళీ చేయించండి. అప్పటికీ దిగకపోయినా, మలద్వారం గుండా వేలితో చూసినప్పుడు గట్టిగా గడ్డలా తగిలినా ఎంఆర్‌ఐ, అవసరాన్నిబట్టి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. వేలి పరీక్ష అంటే పారిపోతారు మనవాళ్ళు, పట్టేది అర నిమిషం.

ప్రొస్టేట్‌కి డ్యుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ అనే మందులు వాడుతున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. ఇవి నిజంగా గ్రంథిని తగ్గిస్తాయి, నాలుగో వంతు దాకా, కానీ ఫలితానికి ఆరు నెలలు ఓపిక పట్టాలి, కొందరికి కోరిక తగ్గుతుంది. ఆరు నెలలు వాడాక పీఎస్‌ఏ కూడా దాదాపు సగానికి పడుతుంది, అంటే రిపోర్టులో 3 ఉంటే దాన్ని 6గా లెక్కవేయాలి. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్‌తో కూడా పీఎస్‌ఏ తగ్గుతుంది, ఎవరూ చెప్పరు. గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ మాత్రల్ని వాళ్ళ చేత తీయించకండి, విరిగిన మాత్రనీ, కారిన క్యాప్సూల్‌నీ అసలు ముట్టుకోనివ్వకండి.

ప్ర: మా నాన్నగారు నెల్లూరులో, నేను డాలస్‌లో. ఇక్కడ దొరికే సా పామెట్టో క్యాప్సూల్స్ పంపిస్తే మంచిదా? ఆయన పల్లేరు కాయల కషాయం కూడా తాగుతున్నారు. — ఒక కొడుకు

జ: పంపకండి. సా పామెట్టో అనేది ఒక తాటిజాతి మొక్క పండ్ల సారం. దాని మీద అమెరికాలోనే పెద్ద అధ్యయనాలు జరిగాయి, 2006లో ఒకటి, 2011లో ఇంకా ఎక్కువ మోతాదుతో ఒకటి. రెండింటిలోనూ ఉత్తుత్తి మాత్ర కంటే ఎక్కువ గుణం కనపడలేదు. పల్లేరు కాయ గ్రంథిని తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. తాగితే తాగనివ్వండి, తిట్టకండి, కానీ కిడ్నీ పరీక్షలు బాగున్నాయని తేలాకే. పేరూ ఊరూ లేని పొట్లాల పొడులు మాత్రం వద్దు. ఆ క్యాప్సూల్స్ డబ్బుతో ఆయన చేత ఒక యూరోఫ్లో పరీక్ష చేయించండి. ఒక గరాటులో పోస్తే సెకనుకి ఎన్ని మి.లీ. వస్తోందో మిషను గీసి చూపిస్తుంది. 15 పైన ఉంటే సాధారణంగా ఫర్వాలేదు, 10 లోపు ఉంటే అడ్డం ఉందని అనుమానిస్తాం, కనీసం 150 మి.లీ. పోస్తేనే లెక్కకొస్తుంది.

ప్ర: షుగర్ ఉంది, 64. రాత్రి నాలుగైదు సార్లు లేస్తాను. ప్రొస్టేట్ మాత్ర ఆరు నెలల నుంచి వాడినా తగ్గలేదు. నీళ్ళు తాగడం మానేయమంటారా? — హైదరాబాద్

జ: మానొద్దు. మూడు రోజులు ఒక పని చేయండి, పాత కొలత గ్లాసు బాత్రూమ్‌లో పెట్టి ఎప్పుడు ఎంత పోశారో రాయండి. ప్రతిసారీ కొంచెం కొంచెమే వస్తుంటే మూత్రాశయం, ప్రొస్టేట్ వైపు చూడాలి. ప్రతిసారీ నిండుగా 300, 400 వస్తుంటే ప్రొస్టేట్ తప్పు లేదు, మీ ఒంట్లో రాత్రిపూట మూత్రం ఎక్కువ తయారవుతోంది. షుగర్ అదుపులో లేకపోవడం, సాయంత్రానికి కాళ్ళలో దిగిన నీరు పడుకోగానే పైకి రావడం, గురక జబ్బు, రాత్రి తొమ్మిదికి చారూ మజ్జిగా పుచ్చకాయా, అన్నీ కారణాలే. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది వాడుతున్నారేమో చూడండి, అది చక్కెరని మూత్రంలో పంపించే మందు, వెంట నీరూ పోతుంది. మానడం కాదు, డాక్టరుతో మాట్లాడండి. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్ర రాత్రి వేసుకుంటుంటే ఆ వేళ మార్చొచ్చేమో అడగండి.

ప్ర: ఎవరినీ అడగలేక మీకు రాస్తున్నా. 63 ఏళ్ళు. మాత్రలు పనిచేయడం లేదు, ఆపరేషన్ అన్నారు. టర్ప్ మంచిదా, లేజరా? ఆ తర్వాత సంసార జీవితం ఉంటుందా? — అనంతపురం

జ: ఉంటుంది. అంగస్తంభనకి సాధారణంగా ఏమీ కాదు. మారేది ఒకటి, వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుంది, టర్ప్ చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఇలా అవుతుంది. తృప్తి ఉంటుంది, నష్టం లేదు, పిల్లలు కావాలనుకునేవాళ్ళకి తప్ప. టామ్సులోసిన్, సైలోడోసిన్‌తో కూడా ఇలాగే అవుతుంది, మందు ఆపితే తగ్గుతుంది. మీ ఆవిడకి కూడా ముందే చెప్పండి, లేకపోతే అనవసరంగా కంగారు పడుతుంది.

టర్ప్‌లో కోత ఉండదు, నడుముకి మత్తు ఇచ్చి, మూత్రదారిలోంచే పరికరం పంపి అడ్డంగా ఉన్న భాగాన్ని ముక్కలు ముక్కలుగా గీకి తీస్తారు. 80 గ్రాముల లోపు గ్రంథికి ఇప్పటికీ నమ్మకమైన పద్ధతి. అంతకంటే పెద్దదైతే, రక్తం పలచబడే మందులు ఆపడం కష్టమైతే, హోల్మియం లేజర్ మేలు. మిగతావాళ్ళకి లేజర్ అనే పేరు కన్నా ఆ చేతికి ఎంత అలవాటుందో అడగడం ముఖ్యం. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ముందే ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిసి ఏ పద్ధతికి వర్తిస్తుందో కనుక్కోండి. తీసిన ముక్కల్ని పరీక్షకి పంపించారా అని అడిగి రిపోర్టు దాచుకోండి, గ్రంథి బయటి అంచు భాగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి పీఎస్‌ఏ చూపించుకోవడం కొనసాగించాలి.

పైపు ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది. తీశాక కొన్ని వారాలు మంట, తొందర ఉంటాయి, కొందరికి కొద్దిగా కారుతుంది, భయపడొద్దు. రెండో వారంలో ‘బాగైపోయింది’ అనిపించి బండెక్కుతారు చూడండి, అప్పుడే లోపలి పొక్కు ఊడి మళ్ళీ రక్తం పడుతుంది. నెలపాటు మోటార్ సైకిల్, బరువులు, ముక్కడం వద్దు, మలబద్ధకం రానీయకండి. మూత్రం లేత ఎరుపుగా ఉంటే నీళ్ళు ఎక్కువ తాగి పడుకోండి. రక్తపు గడ్డలు పడినా, ధార ఆగినా, చలిజ్వరం వచ్చినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్ళండి.